ఆ నవలలో నేను లేను

ఆమె నవల రాసిందన్న సంగతి నాకు అందరికన్నా ముందు తెలిసి ఉండాల్సింది. తెలియలేదు. మా ఆయన చెబితే తెలిసింది. కూరగాయల బజారులో ఆయనకు గ్రంథాలయం కార్యదర్శి కనిపించి, మీ మేడమ్ గారి స్నేహితురాలి పుస్తకం మన హాల్లోనే ఆవిష్కరిస్తున్నాం, మేడమ్ గారు తప్పకుండా మాట్లాడాలి అని చెప్పాడట. సంచీ వంటింటి గట్టు మీద పెట్టి, ఇవాళ వంకాయలు లేతగా ఉన్నాయని చెప్పిన గొంతుతోనే ఆయన ఈ కబురూ చెప్పారు.

"ఏం పుస్తకం?" అన్నాను.

"హత్య పుస్తకమట" అన్నారు.

ఆమె, నేను ఒకే హైస్కూల్లో పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆమె లెక్కలు. స్కూలు నెమలి అనే ఊరి వైపు ఒక పల్లెలో. రోజూ పొద్దున మా తిరువూరు బస్టాండులో బస్సెక్కి వెళ్ళడం, సాయంత్రం అదే బస్సులో తిరిగి రావడం. ఎవరు ముందు ఎక్కితే వాళ్ళు రెండోవాళ్ళ కోసం సీటు మీద హ్యాండ్‌బ్యాగు పెట్టి ఉంచేవాళ్ళం. ఆమె నాకంటే కొంచెం చిన్నది, అక్కా అని పిలుస్తుంది. క్రిస్మస్‌కి వాళ్ళింటి నుంచి మాకు కేకు, అరిసెలు వచ్చేవి. కొత్తావకాయ మా ఇంటి నుంచి వాళ్ళకు వెళ్ళేది. ఇరవై ఏళ్ళకు పైగా ఇలాగే గడిచింది. ఒకరికి తెలియకుండా ఒకరం చీర కూడా కొనేవాళ్ళం కాదు. అలాంటిది ఏకంగా నవల రాసి నాకు చెప్పలేదు.

నేను అప్పటికి చాలాకాలంగా కథలు రాస్తున్నాను. బస్సులో ఆమెకు వాటిని చెప్పేదాన్ని. పత్తి చేలూ మామిడి తోటలూ దాటిపోతుంటే, ఒడిలో టిఫిన్ బాక్సు పట్టుకుని శ్రద్ధగా వినేది. విన్నాక ప్రతిసారీ ఒకటే అడిగేది, "అయితే చివరికి ఏమైందక్కా?" నా కథల్లో చివరికి ఏమీ అవదు. ఒక మనిషి కిటికీ దగ్గర నిలబడి ఏదో అర్థం చేసుకుంటుంది, అంతే. ఆ మాటే చెబితే, "అంతేనా?" అని బయటికి చూసేది. పాపం, లెక్కల మనిషి, జవాబు రాకపోతే తోచదు అనుకునేదాన్ని. ఆమె మీద నాకున్న జాలి అంతా ఆ ఒక్క విషయంలోనే.

నావి రెండు కథా సంపుటాలు వచ్చాయి. రెండూ మా గ్రంథాలయం హాల్లో ఆవిష్కరించాలనే నా కోరిక. స్వాతంత్ర్యానికి ముందు ఊళ్ళో పెద్దలు చందాలు వేసుకుని కట్టించిన హాలు అది. టేకు దూలాలు, పైన బెంగళూరు పెంకులు, గోడల నిండా కవుల ఫొటోలు. చిన్నప్పుడు మా నాన్న నన్ను అక్కడికి అవధానానికి తీసుకెళ్ళాడు. పద్యం ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఒక మనిషి మాట్లాడుతుంటే అంతమంది ఊపిరి బిగబట్టి వినడం చూసి నాకు ఒళ్ళు పులకరించింది. ఎప్పటికైనా ఆ వేదిక మీద నేనూ కూర్చోవాలని అప్పుడే అనుకున్నాను. కానీ మొదటి పుస్తకం వచ్చినప్పుడు కార్యదర్శి, కప్పు కారుతోందమ్మా, మరమ్మతులయ్యాక చూద్దాం అన్నాడు. స్కూల్లో డ్రాయింగ్ క్లాసు జరిగే గదిలో, పిల్లలు వేసిన ఏనుగు బొమ్మల మధ్య ఆవిష్కరణ కానిచ్చాం. రెండో పుస్తకం కరోనా రోజుల్లో వచ్చింది. ఫోన్లోనే సభ. అధ్యక్షుడి గొంతు మధ్యమధ్యలో తెగిపోయింది, చివరికి పూర్తిగా పోయింది.

మరమ్మతులు ఈ ఏడు పూర్తయ్యాయి. బాగుపడ్డ హాల్లో మొట్టమొదటి సభ ఆమె డిటెక్టివ్ నవలకి.

మర్నాడు మధ్యాహ్నం ఆమే స్కూటీ మీద వచ్చింది. వరండాలో చెప్పులు విప్పుతూనే, "కోపంగా ఉన్నావా?" అంది. కోపమెందుకు అన్నాను. ముందే చెప్పకపోవడానికి కారణం తనే చెప్పింది. రిటైరయ్యాక పొద్దు పోక మొదలుపెట్టిందట. ఫోన్లోనే టైపు చేసుకుందట. నాకు చూపిస్తే నవ్వుతానని భయపడిందట. విజయవాడ ప్రచురణకర్తకు పంపితే, నెల తిరక్కుండా వేస్తామన్నారట. నా మొదటి పుస్తకం అచ్చవడానికి నేను ఎంతమంది చుట్టూ తిరిగానో ఆమెకు తెలుసు. అందులో సగం తిరుగుళ్ళకు తోడు వచ్చింది ఆమే.

"నువ్వు మాట్లాడకపోతే నేను స్టేజీ ఎక్కనక్కా" అంది.

సరేనన్నాను. కాఫీ ఇచ్చాను. ఆమె ఇచ్చి వెళ్ళిన పుస్తకం తీసుకుని, జవాబు పత్రాలు దిద్దినట్టు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మొదటి పేజీలోనే రెండు అచ్చుతప్పులు దొరికాయి. హాయిగా అనిపించింది.

మూడో ప్రకరణానికొచ్చేసరికి పెన్ను ఎక్కడ పెట్టానో మరిచిపోయాను.

మా ఊరి లాంటి ఊళ్ళో, మామిడికాయల సీజన్లో, ఒక వ్యాపారి తన గోడౌన్లోనే చచ్చిపడి ఉంటాడు. రక్తం కనపడదు, పరుగులుండవు. రిటైరైన ఒక హాస్టల్ వార్డెన్, ఆవకాయకి ఆవపిండి పట్టించడానికి వెళ్ళి, మర దగ్గర మనిషితో ఓ మాట, కాయలు కొట్టించుకుంటూ ఇంకో మాట మాట్లాడి, మెల్లగా నిజం లాగుతుంది. చదువుతుంటే మామిడికాయల సొన వాసన వచ్చింది. మా బస్సు మొత్తం ఆ నవలలో ఉంది. చిల్లర లేదని అందరి మీదా విసుక్కునే కండక్టరు, మల్లెమొగ్గల బుట్టతో ఎక్కే ఆవిడ, నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకునే నర్సు, చివరికి మా డ్రిల్లు మాస్టారు కూడా. పేర్లు మార్చింది గానీ మనుషులు వాళ్ళే. ఒక్కొక్కరినీ గుర్తుపడుతూ, నేనెప్పుడు వస్తానా అని చూస్తూ చదివాను. తెలుగు టీచరు రాలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వెతికాను. ఎక్కడా లేను. నేను కూర్చునే సీటు ఖాళీగా కూడా లేదు. దాంట్లో నర్సును కూర్చోబెట్టింది.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. హంతకుడెవరో నేను పట్టుకోలేకపోయాను. రెండుసార్లు ఊహించాను, రెండుసార్లూ తప్పే. చివరి ప్రకరణంలో అసలు మనిషి బయటపడితే, మొదటి నుంచీ కళ్ళ ముందే ఉన్నాడు కదా అనిపించింది. లెక్క తప్పలేదు. ఆ పేరు ఇక్కడ కూడా రాయను.

పుస్తకం బాగుంది. బాగాలేకపోతే నేను ఆ సభలో ఎంత గొప్పగా మెచ్చుకునేదాన్నో. బాగుండటం వల్లే కడుపు మండింది. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన పుస్తకం ఎలా ఉందని అడిగితే, పర్వాలేదు, కాలక్షేపం అన్నాను. ఆయన మర్నాడు దాన్ని తీసుకుని మంచం మీద బోర్లా పడుకుని, పిలిచినా పలకలేదు. నా కథల పుస్తకాలు ఆయన చదివారు. కానీ వాటిని చదువుతున్నప్పుడు పిలిస్తే వెంటనే పలికేవారు.

ప్రసంగం రాసుకోవడానికి కూర్చున్నాను. నేరం వెనక మనిషి స్వభావం గురించి మాట్లాడాలనుకున్నాను. అలా మాట్లాడాలంటే హంతకుడెవరో, ఎందుకు చంపాడో చెప్పాలి. చెప్పకుండా విమర్శ ఎలా అవుతుంది? కథలో దాచిన విషయాన్ని పట్టుకుని మాట్లాడటమే కదా పుస్తకానికిచ్చే గౌరవం? ఇలా నాకు నేనే చెప్పుకుంటూ నాలుగు పేజీలు రాశాను. ఈ మధ్యకాలంలో నేనంత చకచకా ఏదీ రాయలేదు.

మా ఆయన అది చదివి, "హంతకుడెవరో ఇక్కడే చెప్పేస్తున్నావే" అన్నారు.

"విమర్శ అంటే అంతే" అన్నాను.

"చెబితే ఇక పుస్తకం ఎవరు చదువుతారు?"

నేను కాగితాలు వెనక్కి తీసుకున్నాను. ఆయన మజ్జిగ పోసుకున్నారు.

ఆదివారం సాయంత్రం సభ. గేటు దగ్గరే ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. హాల్లో కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. దూలాలకు వార్నీషు వేశారు, కవుల ఫొటోలకు కొత్త దండలు వేశారు. ఎన్నాళ్ళుగానో నేను ఊహించుకున్న హాలు అంతే అందంగా తయారై ఉంది. ఆమె ఆవపిండి రంగు చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి అందరినీ పలకరిస్తోంది. వాళ్ళ చర్చి ఆడవాళ్ళు తెల్లచీరల్లో రెండు వరసలు నిండిపోయారు. మా పాత స్కూలు టీచర్లు, పిల్లల్ని చంకనేసుకున్న పాత విద్యార్థులు, గంపలగూడెం వైపు నుంచి రైతులు కూడా వచ్చారు. మామిడి వ్యాపారి చచ్చిపోయిన కథ అని విని వచ్చినట్టున్నారు. కుర్చీలు చాలక పక్క హోటల్ నుంచి తెప్పించారు. నా డ్రాయింగ్ గది సభకు వచ్చినవాళ్ళలో సగం మంది ఆ రోజు స్కూలుకు ఎలాగూ వచ్చినవాళ్ళే.

మా ఇద్దరి దగ్గరా చదువుకున్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, "మేడమ్, మీరు కూడా రాస్తారు కదా?" అంది. మంచి పిల్ల, మర్యాదగానే అడిగింది. ఆ 'కూడా' అన్న మాట మాత్రం సభ అయ్యేదాకా నా చెవిలో మోగుతూనే ఉంది.

ముఖ్య అతిథిగా రావలసిన ప్రచురణకర్త కారు దారిలో ఆగిపోయిందని ఫోను వచ్చింది. గంట ఆలస్యమవుతుందన్నారు. కార్యదర్శి మైకులో క్షమాపణలు చెప్పాడు. జనం విసుక్కుంటారని, సగం మంది లేచి వెళ్ళిపోతారని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వెళ్ళిపోవాలని కోరుకున్నాను. ఎవరూ వెళ్ళలేదు. గుమ్మం దగ్గర బల్ల మీద అమ్ముతున్న పుస్తకాలు కొనుక్కుని, ఉన్నచోటే తెరిచి చదవడం మొదలుపెట్టారు. కాసేపటికి మాటలు తగ్గిపోయాయి. ఫ్యాన్ల చప్పుడు, పేజీలు తిప్పుతున్న చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ వినపడలేదు. తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కళ్ళజోడు మరిచిపోయి వచ్చిందేమో, పక్కామె గొంతు తగ్గించి చదివి వినిపిస్తోంది. ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వుకున్నారు.

వేదిక మీద కూర్చుని ఆ హాలంతా చూశాను. నా జీవితంలో అంత అసూయ ఎప్పుడూ పడలేదు. సన్మానాల మీద, శాలువాల మీద నాకు పెద్ద ఆశ లేదు. కానీ మనం రాసినదాన్ని మన కళ్ళ ముందే ఒక హాలు నిండా మనుషులు తలెత్తకుండా చదవడం ఎవరికి దొరుకుతుంది? ఆమెకు దొరికింది. దాని విలువ కూడా ఆమెకు తెలిసినట్టు లేదు. కుర్చీలు సరిపోయాయా, టీలు వచ్చాయా అని కంగారు పడుతోంది. నేను చేతిలో కాగితాలు సరిచేసుకున్నాను. చెప్పాల్సిందే అనుకున్నాను.

ముఖ్య అతిథి వచ్చాడు. పాస్టరు గారు చిన్న ప్రార్థన చేశారు. రిబ్బను విప్పారు. నన్ను పిలిచారు.

మొదట్లో బాగానే మాట్లాడాను. బస్సు గురించి, స్కూలు గురించి చెబితే నవ్వారు. మొదటి కాగితం తిప్పి, "ఈ నవలలో హంతకుడు" అని మొదలుపెట్టాను. ముందు వరసలో మా పాత పోస్టుమాస్టరు గారు లేచి నిలబడ్డారు. చేతిలో పుస్తకం, పుస్తకంలో వేలు.

"అమ్మా, ఒక్క మాట. నేను గోడౌన్ తాళం దొరికిన కాడ ఉన్నాను. ఎవరు చంపారో మీరు చెప్పరు కదా?"

అందరూ నవ్వారు. వెనక నుంచి ఇంకెవరో, "చెప్పొద్దండి, మేమూ చదువుతున్నాం" అన్నారు. చర్చి ఆడవాళ్ళలో ఒకామె నిజంగానే చెవుల మీద చేతులు పెట్టుకుంది.

నేను ఆమె వైపు చూశాను. ఆమె ముఖంలో భయముంటే, ప్రాధేయపడుతున్నట్టు చూసి ఉంటే, నేనేం చేసేదాన్నో తెలియదు. అదేమీ లేదు. నవ్వుతూ పోస్టుమాస్టరు గారిని చూస్తోంది. నేను చెబుతానన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

"చెప్పనండి. కూర్చోండి" అన్నాను.

ఆ పైన నా దగ్గర మాట్లాడటానికేమీ మిగల్లేదు. తక్కిన కాగితాలన్నీ ఆ పేరు చుట్టూ అల్లినవే. మడిచి పెట్టేశాను. "నేను రెండుసార్లు ఊహించాను. రెండుసార్లూ తప్పు. ఇన్నేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, పక్కన కూర్చున్న లెక్కల టీచరు నన్ను ఇలా మోసం చేస్తుందని అనుకోలేదు. చదవండి, మీరూ మోసపోండి" అని వచ్చి కూర్చున్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. చిన్నప్పటి నుంచీ నేను ఆశపడ్డ వేదిక మీద నాకు చప్పట్లు దొరికాయి. అవీ ఆమె పుస్తకానికే.

ఆమె మాట్లాడటం క్లాసులో లెక్క చెప్పినట్టే ఉంది. ఉపోద్ఘాతం లేదు, కవిత్వం లేదు. ఎవరికైనా సందేహాలుంటే అడగండి అంది. ఇందాక నన్ను పలకరించిన అమ్మాయే లేచి, "బస్సులో అందరూ ఉన్నారు కదా మేడమ్, తెలుగు మేడమ్ ఎందుకు లేరు?" అంది.

నేను బల్ల మీద నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"పెడదామనే మొదలుపెట్టాను" అందామె. "ఇలాంటి నవలలో ఎవరొచ్చినా చదివేవాళ్ళు వాళ్ళని ఒక్కసారైనా అనుమానించాలి. లేకపోతే లెక్క కుదరదు. అక్కని అనుమానించేలా ఒక పేజీ రాశాను. రాశాక నాకే చూడబుద్ధి కాలేదు. తీసేశాను."

హాలు మళ్ళీ చప్పట్లు కొట్టింది. ముఖ్య అతిథి నా వైపు తిరిగి, అదృష్టవంతులండీ మీరు అన్నాడు. మడిచిన కాగితాలు నా ఒళ్ళోనే ఉన్నాయి. వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు చెమ్మగిల్లిన మాట నిజమే. అప్పటికప్పుడు అసూయ కరిగిపోయిందని మాత్రం చెప్పలేను. ఇంకా పెరిగింది కూడా. పుస్తకం బాగా రాసింది, పైగా మంచిదనిపించుకుంది. నాకు ఆ రెండూ దక్కలేదు. ఆమె నన్ను అనుమానించి ఉంటే తప్పేమీ కాదని ఆ హాల్లో మా ఆయనకు ఒక్కరికే తెలుసు. ఆయన చివరి వరసలో కూర్చుని, ఎటూ కాకుండా దూలాల వైపు చూస్తున్నారు.

సభ అయ్యాక మిరపకాయ బజ్జీలు, టీ ఇచ్చారు. ఆమె సంతకాలు పెడుతుంటే వరస గుమ్మం దాటి మెట్ల దాకా వెళ్ళింది. మధ్యలో తలెత్తి నా కోసం వెతికి, వెళ్ళిపోకు అన్నట్టు చెయ్యి ఊపింది. నేను ఉండిపోయాను. పోస్టుమాస్టరు గారు నా పక్కన కూర్చుని బజ్జీ తింటూ, ఆ నర్సు మీద నాకు అనుమానంగా ఉందమ్మా అన్నారు. నాకూ అలాగే అనిపించిందండి అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

తర్వాత వారాల్లో నాకు తప్పించుకోవడానికి చోటు లేకపోయింది. మందుల షాపులో, బస్టాండులో, పెళ్ళిళ్ళలో అందరూ నన్నే ఆపి, మీ స్నేహితురాలు ఎంత బాగా రాశారండీ అనేవాళ్ళు. వినగడప నుంచి ఒకాయన ఫోన్ చేసి ఆమె నంబరు అడిగాడు. అవునండీ, బాగా రాసింది అని చెప్పీ చెప్పీ, కొన్నాళ్ళకు ఆ మాట పళ్ళు బిగించకుండానే అనగలిగాను.

మొన్న ఆమె మళ్ళీ వచ్చింది. రెండో నవల సగంలో ఆగిపోయిందట. ఈసారి చావు కోల్డ్ స్టోరేజీలో. లోపలికి ఒక్కరే వెళ్ళారు, తలుపుకి లోపలి నుంచి గడియ వేసి ఉంది, చంపినవాడు ఎలా బయటపడ్డాడో తనకే తెలియట్లేదంది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నాను. ఇన్నేళ్ళు బస్సులో నా కథలు వింటూ ఆమె ఎలా కూర్చుందో, నేనూ అలాగే కూర్చున్నాను.

"ఇక్కడి దాకా వచ్చి ఆగిపోయిందక్కా. ఏం చేయను?" అంది.

బయటి మనిషి కాకుండా, ముందే లోపల దాక్కున్న కాపలా మనిషి గడియ వేసి, తలుపు పగలగొట్టాక జనంలో కలిసిపోయినట్టు చూడమన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టి, ఫోన్ తీసి గబగబా టైపు చేసుకోవడం మొదలుపెట్టింది. అది నా ఆలోచన, ఇక ఆమె పుస్తకంలోకి వెళ్ళిపోతుంది, దానికీ చప్పట్లు ఆమెకే. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. పాలు పొంగే లోపల ఇంకొక దారి తోచింది, మొదటిదానికన్నా చాలా మంచిది. రెండు గ్లాసులూ పట్టుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె తలెత్తి, "ఇంకేమైనా తోచిందా?" అంది.

లేదన్నాను.